అక్కడ కనిపించని చుక్క

"కాలు తియ్యత్తా."

"తియ్యను."

"బస్సుకు టైమైతాండాది."

"కానీలే. మదనపల్లెకు బస్సులకేం కరువు? గంటకు నాలుగు పోతాండాయి. పోవాలంటే నన్ను దాటుకోని పో."

అత్త వీధి గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. కాళ్లు రెండూ చాపి, వీపు తలుపు చెక్కకు ఆనించింది. పెద్దవాళ్ల కాళ్లు దాటి పోయే ధైర్యం వాణికి లేదని ఆమెకు తెలుసు. సంగతి తెలియగానే, గుడుపల్లె దగ్గర తన పల్లెలో గొర్రెలను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, కుప్పంలో బస్సెక్కి, వి.కోటలో ఒకసారి, పలమనేరులో ఒకసారి మారి, మధ్యాహ్నానికి పుంగనూరు చేరింది. వచ్చినప్పటి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

నా తోడికోడలు వాణి చేతిలో సంచి ఉంది. అందులో ఏముందో నేను చూశాను. ఒక చీర, ఒక దువ్వెన, రమణ ఫోటో. ఫోటో ఎందుకని అడగలేదు. మండీలో మనుషులకు చూపించడానికి. జాంబియాలో బోరుబండి మీద పనిచేస్తున్న మొగుణ్ణి మదనపల్లె టమోటా మండీలో వెతకడానికి.

"హేమా, నువ్వన్నా చెప్పు దీనికి," అంది అత్త. "ఎవురో ఏందో అంటే సంచి పట్టుకోని బయల్దేరడమేనా?"

"ఎవురో కాదు. పాపమ్మ. మీ ఊరి పాపమ్మే," అంది వాణి.

"దానికి కండ్లు సరిగ్గా కనపడవు."

"సరే, మళ్లీ అడుగుతా. నువ్వే ఇను."

వాణి ఫోను తీసి స్పీకరు పెట్టింది. అవతల మండీ గోల. ఎవరో అంకెలు అరుస్తున్నారు. క్రేట్లు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు.

"చెప్పు పాపమ్మత్తా. మా అత్త ఈడే ఉండాది. నిన్న చెప్పిన మాట మళ్లా చెప్పు."

"యా మాట? ఓ, అదా. మునెమ్మక్కా, బాగుండావా? నేను సూసింది సూసినట్లు చెప్పినా. కాయలు ఏరే షెడ్డు వెనకాల మీ చిన్నోడు నిలబడుండాడు. రమణా అని పిలిచినా. తిరిగి సూసినాడు. సూసి, తల వంచుకోని పోయినాడు."

"నీకు కండ్లలో పొర కదా పాపమ్మా?" అంది అత్త.

"ఉగాదికి ముందే ఆపరేషన్ చేయించుకున్యా కదక్కా. ఇప్పుడు సూదిలో దారం నేనే ఎక్కిస్తాండాను. నీకు కావాలంటే నీదీ ఎక్కిస్తా."

"అట్ల పోలికున్నోళ్లు ఏడుగురుంటారంట."

"ఏడుగురు రమణా అంటే తిరిగి సూస్తారా అక్కా?"

పాపమ్మ గొంతు తగ్గించింది.

"ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు. ఇంత ఎండలో కుడిబుజం నించి కిందదాకా తువ్వాలు కప్పుకోనుండాడు. చలి పెట్టినోని మాదిరి."

"మా వాడు తువ్వాలు తలకు చుడతాడు," అంది అత్త వెంటనే. "సిన్నప్పట్నుంచీ అంతే. బుజాన ఏసుకోడు. వాడు కాదు. ఫోను పెట్టెయ్ మే."

వాణి ఫోను కట్టేసింది. సంచి మాత్రం కింద పెట్టలేదు.

నేను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఎదురుగా గోడకు మా ఆయన ఫోటో. పూలదండ మార్చి మూడు రోజులైంది. బడికి నిన్ననే సెలవులిచ్చారు. సెలవులు రాకుండా ఉంటే బాగుండునని ఈ యేడే మొదటిసారి అనుకున్నాను.

"వారం వారం మాట్లాడతాండాడు కదా," అంది అత్త. ఇప్పుడు గొంతులో బతిమాలుకోవడం ఉంది. "శుక్రవారం తప్పకుండా వస్తాది కదా వాని మాట. అది పెట్టు. హేమ ఇంటాది. చదువుకున్నది. అది ఆఫ్రికా మాటో మదనపల్లె మాటో ఆమె చెప్తాది."

"పెడతా. యాల పెట్టను?"

నేను లేచాను. పొయ్యి మీద పాలున్నాయని ఏదో గొణిగాను.

"కూర్చో అక్కా."

వాణి నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. బైరెడ్డిపల్లె నుంచి ఈ ఇంటికి వచ్చిన మూడేళ్లలో ఒక్కసారి కూడా.

"ప్రతి శుక్రవారం ఇంతే. ఆయన గొంతు ఇనపడంగానే నీకు పాలు గుర్తొస్తాయి, బట్టలు గుర్తొస్తాయి, పరీక్ష పేపర్లు గుర్తొస్తాయి. బావ మట్టికి ఆయన రాలేదని కోపం. నాకు తెలుసు. విమానం దొరకలేదంటే నువ్వు నమ్మలేదు. నమ్మకపో. ఆయన గొంతు కూడా కానిదైపోయిందా నీకు?"

జవాబు నా నోటి దాకా వచ్చింది. కోపం కాదు వాణీ, ఆ గొంతు అచ్చం మీ బావ గొంతే. కళ్లు మూసుకుంటే తేడా తెలీదు. అందుకే లేచి పోతాను. ఇంత చిన్న మాట. నలభై ఏడు రోజులుగా దాన్ని ఎవరికీ చెప్పలేకపోయాను. ఇప్పుడూ చెప్పలేదు.

అత్త నా వైపు చూసింది. ఆ గొంతులు రెంటినీ కన్నది ఆమె.

"కూర్చో అమ్మా హేమా," అంది మెల్లగా. "నాక్కూడా అట్లే ఉంటాది."

కూర్చున్నాను.

వాణి పోయిన శుక్రవారం సందేశం పెట్టింది. ముందు గాలి చప్పుడు. తర్వాత ఆ గొంతు.

"వాణీ, తిన్యావా? నేను బాగుండా. పని బాగుండాది. సిగ్నలు లేదు, అందుకే ఫోన్ చెయ్యలేదు. ఇప్పుడు బయట కూర్చోనుండా. ఎదురుగా ధ్రువ నక్షత్రం కనపడతాండాది. పెండ్లిలో అయ్యోరు చూపించినాడే, అదే. వాణీ, వదినకు చెప్పు. ధ్రువ నక్షత్రం కనపడతాండాదని వదినకు చెప్పు."

అయిపోయింది.

"ఇన్యారా?" అంది వాణి. కళ్లు తుడుచుకుంది. కానీ ముఖంలో వెలుగు. "మండీలో కూలి చేసేవాడు ఆకాశం సూస్తా కూర్చుంటాడా? అడివిలో ఉండాడు కాబట్టి సుక్కలు సూస్తాండాడు. పెండ్లినాటి సుక్కను తలుచుకుంటాండాడు. అత్తా, నువ్వే గెలిచినావు. పాపమ్మ కండ్లకే మళ్లా పొర వచ్చుంటాది."

అత్త ఊపిరి వదిలింది. చాపిన కాళ్లు కొద్దిగా ముడుచుకుంది.

నేను అడిగాను. "వదినకు చెప్పు అన్నాడు. నాకు చెప్పలేదే?"

వాణి ముఖం ముడుచుకుంది. "ప్రతివారం అంటాడు. అన్నిట్లోనూ అదే మాట, వదినకు చెప్పు, వదినకు చెప్పు. యాల చెప్పాల? నువ్వు లేచి పోతావు కదా. ఇనని మనిషికి ఎంటపడి చెప్పాల్నా?"

"ఎన్ని వారాల నుంచి?"

"బావ పోయినప్పట్నుంచీ. ఆరు వారాలు. యాల అక్కా? ఏమైంది?"

"ఏం లేదు. పాలు."

ఈసారి ఆమె ఆపలేదు.

*

పొయ్యి మీద పాలు లేవు. వంటింటి గట్టు పట్టుకుని నిలబడ్డాను.

పోయిన జూన్‌లో రమణ వెళ్లిన వారానికి ఒక సాయంత్రం వీడియో కాల్ చేశాడు. అప్పుడు వాణి బైరెడ్డిపల్లెలో పుట్టింట్లో ఉంది. అత్త ఇక్కడే ఉంది. అన్నదమ్ములు మాట్లాడుకుంటుంటే నేను ఈ గట్టు దగ్గరే పప్పు కడుగుతున్నాను.

"అన్నా, ఈడ నాకు దిక్కులు తప్పిపోయినాయి. నిన్న రేత్రి ఎంత ఎతికినా ధ్రువ నక్షత్రం యాడా లేదు. మంచంకోళ్ల సుక్కలు మాత్రం అడుగున చెట్ల కొసల్లో ఇరుక్కోనుండాయి."

సప్తర్షులను మా అత్తవాళ్లు మంచంకోళ్లనే అంటారు. గొర్రెల వెంట తిరిగేవాళ్లకు చుక్కలు పుస్తకంలో సంగతి కాదు. మూడు చుక్కల గొల్లకావడి ఎక్కడికి వచ్చిందో చూసి ఎంత పొద్దు గడిచిందో చెప్పగలరు. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి ధ్రువుడు కనిపించకపోవడమంటే కాళ్ల కింద నేల సరిగ్గా లేనట్టే.

మా ఆయన రాజగోపాల్ సోషల్ మాస్టరు. ఏది చెప్పాలన్నా ఏదో ఒక వస్తువు చేతిలో ఉండాలి. బుట్టలోంచి గుండ్రటి దోసకాయ తీశాడు. నడుముకు కొంచెం పైన ఒక అగ్గిపుల్ల గుచ్చాడు. కొంచెం కింద ఇంకొకటి.

"రమణా, ఇది భూమి. పై పుల్ల మేము. కింద పుల్ల నువ్వు. తొడిమకు సూటిగా, చాలా దూరంలో ఒక దీపముంది. అదే ధ్రువుడు. పై పుల్లకు దీపం కనిపిస్తుంది, కాకపోతే తక్కువ ఎత్తులో. కింద పుల్లకు కాయే అడ్డం. నువ్వు దిక్కు తప్పలేదురా. భూమి నడుము దాటినావు, అంతే."

"మరి మిగతావి?"

"నడుము మీదుగా పోయేవి రెండు వైపులా కనిపిస్తాయి. గొల్లకావడి అట్లాంటిదే. చలికాలం వస్తానే చూడు. మేము దక్షిణం తిరిగి చూస్తాం, నువ్వు ఉత్తరం తిరిగి చూస్తావు. అందుకని నీకది తలకిందులుగా ఉంటుంది. ఈడ దక్షిణాన కొండలకు ఆనుకోని కాసేపుండి పోయే త్రిశంకు చుక్కలు, ఆడ బాగా పైకెక్కుతాయి. ఒకటి పోతే ఒకటి వస్తుంది. ధ్రువుడు మాత్రం నీకు లేడు. ఎంత ఎత్తు చెట్టెక్కినా లేడు."

అవతల రమణ నవ్వాడు. "అయితే పెండ్లిలో ఆ సుక్కను సూసి చేసిన ప్రమాణం ఈడ చెల్లదా అన్నా?"

"కనపడకపోతే లేనట్లా? కాయ అడ్డమొచ్చింది, అంతే."

మర్నాడు అత్త ఆ దోసకాయ కోస్తూ, "ఈ కాయకు తూట్లెవరు పెట్టినారు?" అని అడిగింది. "మీ చిన్న కొడుకు ఆఫ్రికాలో ఉండే చోటు అది," అన్నాడు మా ఆయన. ఆమె ఆ ముక్కను పక్కన పెట్టింది. పప్పులో వెయ్యలేదు.

మరిచిపోయే మాట కాదు అది. రమణ మరిచిపోలేదు.

అక్కడ ధ్రువుడు కనిపించడని తెలిసినవాడు, కనిపిస్తున్నాడని ఆరు వారాలుగా చెబుతున్నాడు. నాకు చెప్పమని చెబుతున్నాడు. నోటితో చెప్పలేని మాటను, ఈ ఇంట్లో దాన్ని విప్పగలిగిన ఒకే ఒక్క మనిషికి పంపుతున్నాడు. ఆ మనిషి ప్రతి శుక్రవారం లేచి వంటింట్లోకి వచ్చి, లేని పాల కోసం నిలబడుతోంది.

ఆరు వారాలకు ముందు ఎవరికి చెప్పి ఉంటాడు?

బీరువా తెరిచాను. ఆసుపత్రిలో ఇచ్చిన ప్లాస్టిక్ సంచి పై అరలో అలాగే ఉంది. వాచీ, కళ్లజోడు, ఫోను. ఫోను అద్దం ఒక మూల పగిలింది. ఇన్ని రోజులూ దాన్ని ముట్టుకోలేదు. చార్జరు పెట్టి మంచం మీద కూర్చున్నాను. బయట గదిలో అత్త, వాణి ఏదో అనుకుంటున్నారు. గొంతులు తగ్గాయి. ఎవరో పళ్లెం కడుగుతున్నారు.

ఆయన ఫోనుకు తాళం ఉండేది కాదు. మనకు దాచేదేముంది అనేవాడు.

రమణ పేరు మీద నొక్కాను.

ఆయన పోయిన ఆదివారానికి నాలుగు రోజుల ముందు, బుధవారం సాయంత్రం, ఒక చిన్న సందేశం. "అన్నా. ధ్రువ నక్షత్రం కనపడతాండాది." అంతే.

కింద ఆయన రాసిన జవాబు. "ఎక్కడ?"

"మదనపల్లె. ఎవరికీ చెప్పొద్దు. వాణికి అస్సలు చెప్పొద్దు."

"ఆదివారం వస్తా."

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు, "బయలుదేరినా."

తర్వాత సాయంత్రం ఆరుంబావుకు ఆయన గొంతు. ముప్పై తొమ్మిది సెకన్లు.

చాలాసేపు దాని మీద వేలు పెట్టలేకపోయాను. పెట్టాక, ఆయన గొంతు కంటే ముందు గాజు గ్లాసుల చప్పుడు వినిపించింది.

"రమణా, దారిలో టీకి నిలబడినా. నువ్వు పడుకో, ఆలోచించొద్దు. చెయ్యి పోయింది, నువ్వు పోలేదు. తిరిగొచ్చినావు, నాకది చాలు. మీ వదినకు ఈ పొద్దే చెప్తా. ఆమె అరవదు. కొంచేపు మాట్లాడకుండా ఉంటాది, అంతే. వాణికి ఆమే చెప్పాల, ఆమె చెప్తేనే సరిగ్గా ఉంటాది. అమ్మకు మాత్రం నువ్వే చెప్పు. అమ్మ వేరేవాళ్ల నోట ఇనకూడదు. సరేనా? టీ బాగుండాది రా ఈడ. ఈసారి వచ్చినప్పుడు తాగుదాం."

ఆరు నలభైకి ఆయన్ను లారీ గుద్దింది.

స్కూటరు పుంగనూరు వైపు తిరిగి ఉందని పోలీసులు ఆ రోజే చెప్పారు. మదనపల్లెలో ఆయనకు పనేమిటని ఇంటికి వచ్చినవాళ్లంతా అడిగారు. బడిలో అడిగారు. మట్టి దగ్గర అడిగారు. అత్త రోజూ అడిగేది. తెలీదనే చెప్పాను. తెలీదు కాబట్టి.

మర్నాడు పల్లెలో మట్టి చేస్తుంటే వాణి ఫోను పట్టుకుని రమణకు చూపించింది. తన కెమెరా మాత్రం రమణ తెరవలేదు. సిగ్నల్ లేదన్నాడు. ఏడుపు మాత్రం బాగా వినిపించింది. ఈ ఇంటికి గంట ప్రయాణం దూరంలో, ఏదో షెడ్డు వెనక, ఒక చేత్తో ఫోను పట్టుకుని ఏడ్చి ఉంటాడు. ఆ ఒక్క చెయ్యి తలుచుకుంటే కోపం నిలబడటం లేదు. ఆ గంట దూరం తలుచుకుంటే ఆగడం లేదు.

ఆయన ఫోను తిప్పి మంచం మీద బోర్లా పెట్టాను. మళ్లీ తీశాను. మళ్లీ పెట్టాను.

వాణికి ఆమే చెప్పాల.

ఆయన నాకు పని అప్పజెప్పి వెళ్లాడు. ఆ సంగతి నలభై ఏడు రోజులు ఆలస్యంగా తెలిసింది.

*

నేను గదిలోంచి వచ్చేసరికి చీకటి పడింది. గడప దగ్గర అత్త లేదు. వీధి తలుపుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది. తాళంచెవి ఆమె రొంటిన ఉండి ఉంటుంది. వాణి సంచి తలుపు పక్కన ఉంది.

మిద్దె మీద వాణి ఒక్కతే నిలబడి ఉంది. శుక్రవారం ఏడున్నర దాటాక ఆమె ఎప్పుడూ అక్కడే ఉంటుంది. సిగ్నలు బాగా వస్తుందని. చంద్రుడు లేడు. వీధిలైటు పాడై నాలుగు రోజులైంది. చుక్కలు మామూలు కంటే ఎక్కువున్నాయి.

"అక్కా, ఇందాక అట్ల మాట్లాడినా. మనసులో పెట్టుకోవద్దు."

"లేదులే."

"ధ్రువ నక్షత్రం అంటే యాది అక్కా?"

"పెళ్లిలో చూడలేదా?"

"పట్టపగలు పదకొండుకు ముహూర్తం. పందిట్లోంచి బయటకు తీసుకొచ్చి అయ్యోరు పైకి వేలు చూపించినాడు. కనపడిందా అన్యాడు. ఎండకు కండ్లు తెరిస్తే కదా. ఆయన కనపడింది అన్యాడు, నేనూ తలూపినా. ఫోటోగ్రాఫరు ఇంకోసారి సూడమన్యాడు. ఇంకోసారి తలూపినా."

నవ్వింది. నాకూ కొంచెం నవ్వొచ్చింది. చాలా రోజులైంది.

ఉత్తరం వైపు తిరిగి చెయ్యి చాపాను. పిడికిలి బిగించి కింది వైపును దూరపు కొండ అంచుకు ఆనించాను. పిడికిలి మీద రెండో చేతి వేళ్లు రెండు అడ్డంగా పెట్టాను. ఆయన నేర్పిన కొలత.

"ఈ వేళ్లకు పైన. పక్కింటి నీళ్ల ట్యాంకుకు ఎడమగా. అదిగో."

"అదా? ఇంత సన్నదా?" ఆమె చాలాసేపు చూసింది. "నేనింకా పెద్దదనుకున్యా. పెండ్లిండ్లలో అందరికీ చూపిస్తారు కదా అని."

"మనకు అంతే. ఉత్తరానికి పోయేకొద్దీ పైకెక్కుతుంది."

దక్షిణానికి పోయేకొద్దీ అన్న మాట నేను అనలేదు.

"ఇప్పుడు ఆయన కూడా దీన్నే సూస్తా ఉంటాడు కదా?"

ఫోను మోగింది. వాణి వెంటనే నొక్కింది. ఈసారి గాలి చప్పుడు లేదు. ఎక్కడో దూరంగా ఒక బండి హారను.

"వాణీ." చాలాసేపు ఏమీ లేదు. "వదినకు చెప్పినావా? ఈ ఒక్కసారి చెప్పు. నీకు దండం పెడతా. ధ్రువ నక్షత్రం కనపడతాండాదని చెప్పు."

వాణి ఫోను దించింది. ముఖం సరిగ్గా కనిపించలేదు. గొంతు మాత్రం మారింది.

"దండం పెడతా అంటాండాడు. సుక్క కనపడిందని చెప్పడానికి దండం యాల అక్కా?"

నేను ఇంకా ఆ చుక్క వైపే చూస్తున్నాను.

"అక్కా. నువ్వు పిల్లకాయలకు ఇవన్నీ చెప్తావు కదా. ఆడ, జాంబియాలో, ఈ సుక్క కనపడతాది కదా?"

పద్దెనిమిదేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. తెలిసిన జవాబును తప్పుగా చెప్పిన రోజు లేదు. తెలిసిన జవాబు చెప్పడానికి ఇంతసేపు పట్టిన రోజు కూడా లేదు.

"కనపడదు వాణీ."

"మబ్బుంటే కనపడదా?"

"మబ్బు లేకపోయినా కనపడదు. భూమి అడ్డమొస్తుంది. అక్కడి నుంచి ఎప్పుడూ కనపడదు. ఆ సంగతి రమణకు కూడా తెలుసు. పోయిన జూన్‌లోనే మీ బావ చెప్పాడు."

ఆమె చుక్కను చూసింది. ఫోనును చూసింది. మళ్లీ చుక్కను చూసింది. తర్వాత పిట్టగోడ పట్టుకుని మెల్లగా కిందికి కూర్చుంది.

"అయితే పాపమ్మ..."

"నిజమే చెప్పింది."

"కుడిబుజం మీద తువ్వాలు..."

"అది కూడా."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మోకాళ్లు దగ్గరకు లాక్కుని చేతులు చుట్టుకుంది.

"ఆరు వారాలు," అంది. "ఆరు వారాలుగా నీకు చెప్పమంటాండాడు. నేను చెప్పలేదు. పంతానికి చెప్పలేదు."

"నేను కూర్చుని వినలేదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే. గంట కూడా కాలేదు."

"ఎట్ల తెలిసింది?"

నా చేతిలో ఆయన ఫోను ఉందని అప్పుడు గమనించాను. పైకి ఎప్పుడు తెచ్చానో గుర్తులేదు. వాణి కూడా దాన్నే చూస్తోంది. పగిలిన మూల చీకట్లో కూడా తెలుస్తోంది.

"పొద్దున మొదటి బస్సుకు పోదాం," అన్నాను. "నేనూ వస్తాను. సంచి అట్లే ఉండనీ."

మెట్ల మీద చప్పుడైంది.

అత్త ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేతిలో రెండు ముద్దలు కలిపిన పళ్లెంతో పైమెట్టు మీద నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. పళ్లెం పిట్టగోడ మీద పెట్టింది. ఉత్తరం వైపు తిరిగి, వెతుక్కోకుండా, కొలుచుకోకుండా, నేరుగా ఆ చుక్కను చూసింది. అరవై ఏళ్లుగా గొర్రెల వెనక నడుస్తూ చూసిన చుక్క.

"వాడు బతికుండాడు. ఈడే ఉండాడు," అంది. అడిగినట్టు లేదు.

వాణి పిట్టగోడ పట్టుకుని లేచింది.

తర్వాత నా చేతిలోని ఫోను వైపు చూసింది. అది తన పెద్ద కొడుకుదని ఆమెకు చెప్పనక్కర లేదు.

"హేమా," అంది. "ఆ ఆదివారం పెద్దోడు మదనపల్లెకు యాల పోయినాడు?"

అమ్మ వేరేవాళ్ల నోట వినకూడదన్నాడు ఆయన. నలభై ఏడు రోజులుగా ఈ ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబుండేది, తెలీదత్తా అని.

ఇప్పుడది లేదు.